తలగడ పక్కన పుస్తకాలు

ఈ నెల చాలావరకు ఏనుగుల వీరాస్వామయ్య గారి ‘కాశీయాత్ర చరిత్ర’తోనే గడిచిపోయింది. 1830 మేలో చెన్నపట్నం నుంచి బయలుదేరి, కాశీ చూసుకుని, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారాయన. దారి ఎలా ఉంది, మజిలీలో ఏం దొరుకుతుంది, అన్నీ రాసుకున్నారు. అట్లాస్ పక్కన పెట్టుకుని, ఒక్కో ఊరికీ పెన్సిల్‌తో చుక్క పెడుతూ చదివాను. మా హైదరాబాద్ దగ్గర మాత్రం రెండు రోజులు ఆగిపోయాను.

తర్వాత సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’. వంద కథలూ ఏకబిగిన చదవకూడదు, రోజుకి రెండు చాలు. ‘వరద’ పైకి చదువుతుంటే అమ్మ బెండకాయలు తరగడం ఆపేసి వింది.

ఒక డిటెక్టివ్ నవల కూడా మొదలుపెట్టాను. హంతకుడెవరో అన్న టెన్షనే లేదు, సగంలో వదిలేశాను.

ఇప్పుడు మళ్లీ ‘మహాప్రస్థానం’. గొంతెత్తి చదివితేనే ఆ నడక అందుతుంది.