దిద్దుబాటు వద్దనుకుని నడిపింపు అడిగిన రోజులు

గత ఏడాది ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాల దినాల్లో మా క్రైస్తవ సంఘం ఇంటింటా జరిపే ప్రార్థన కూడిక ఒక సాయంత్రం మెట్టుగూడలోని మా ఇంట్లో జరిగింది. అప్పటికి ఎనిమిది నెలలుగా నేను ఒకే మనవి చేస్తున్నాను. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసిన మా నాన్నగారు పదవీ విరమణ డబ్బుతో మల్కాజిగిరి అవతల 200 గజాల స్థలం కొన్నారు. అందులో ఇల్లు మొదలుపెట్టాలో వద్దో దేవుడు తన చిత్తం తెలియజేయాలని, ఆ విషయమై ప్రార్థించమని కూడికకు వచ్చిన వారందరినీ కోరాను. అందరూ టీ తాగి వెళ్లిపోయాక, మేమంతా పెద్దమ్మ అని పిలుచుకునే ఒక విశ్రాంత నర్సు గుమ్మం దగ్గర ఆగి, ఇంకెవరికీ వినబడనంత మెల్లగా, "నాయనా, ఆ స్థలంలో తమ్ముడి సంగతి ఏం చేశావు?" అని అడిగారు.

ఆ స్థలం చెరిసగం అని నాన్నగారు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. కాగితాలు మాత్రం నా పేరున ఉన్నాయి. ఆయన పోయాక అమ్మ వైద్యానికీ, ప్రహరీ గోడకూ, పన్నులకూ నేనే ఖర్చు పెట్టాను కనుక, తమ్ముడు అడిగినప్పుడు లెక్క తేలాక చూద్దామన్నాను. ఖర్చులు నిజమే. కాని ఆ లెక్క తేల్చడానికి నేను ఒక్కరోజు కూడా కూర్చోలేదు. మూడేళ్లుగా మా మధ్య మాటలు లేవు.

పెద్దమ్మ మాటకు నాకు కోపం వచ్చింది. మా ఇంటి విషయం ఆమెకెందుకని భార్యతో అన్నాను, తరువాతి రెండు కూడికలకూ వెళ్లలేదు. ఆ రెండు వారాల్లో నన్ను పట్టి నిలిపింది శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం నాడు ఏటా గుడిలో చదివే బైబిలులోని 51వ కీర్తన. పరాయివాని భార్య బత్షెబ విషయంలో పాపం చేసిన దావీదు రాజు దగ్గరకు నాతాను ప్రవక్త వచ్చిన సందర్భంలోనిదని దాని పైనే రాసి ఉంటుంది. నేను రెండవ సమూయేలు 12వ అధ్యాయమూ, దానితోపాటు దేవుని ఆజ్ఞ మీరిన సౌలు రాజును సమూయేలు ప్రవక్త గద్దించిన మొదటి సమూయేలు 15వ అధ్యాయమూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. పాపం చేశానని ఇద్దరు రాజులూ ఒప్పుకున్నారు. ఇన్నేళ్లుగా వింటున్న కథలే అయినా ఈ సంగతి నేను గమనించలేదు. సౌలు మాత్రం ఆ ఒప్పుకోలుకు ముందు జనులకు భయపడ్డానని కారణం చెప్పాడు, తరువాత పెద్దల యెదుట తనను ఘనపరచమని బతిమాలాడు. దావీదు "నేను పాపముచేసితిని" అని ఆగిపోయాడు. బత్షెబ కన్న కుమారులలో ఒకనికి నాతాను అనే పేరున్నట్లు మొదటి దినవృత్తాంతములు 3వ అధ్యాయంలో కనబడుతుంది. అది ప్రవక్తను బట్టే పెట్టిన పేరని వాక్యం చెప్పదు. అయినా, తన తప్పును ముఖం మీద చెప్పినవాని పేరును దావీదు తన ఇంట్లో రోజూ పిలవగలిగాడన్నది నన్ను కదిలించింది. నేనైతే పెద్దమ్మ ఫోను చేస్తే ఎత్తడం లేదు.

లేఖనం "తప్పు దిద్దుటకును, నీతియందు శిక్షచేయుటకును" ప్రయోజనకరమని పౌలు తిమోతికి రాశాడు. శిక్ష అనగానే మనకు దండనే గుర్తుకొస్తుంది గాని, నేర్పడం అనే అర్థం ఆ మాటలోనే ఉంది, శిక్షణ అన్న మాట అక్కడినుంచి వచ్చిందే. దిద్దడం మరింత దగ్గరి మాట. పలక మీద నాన్నగారు రాసిన అక్షరం మీదే మళ్లీ మళ్లీ బలపం తిప్పడాన్ని కూడా మనం దిద్దడమనే అంటాం. చేయి పక్కకు జారితే ఆయన నా చేతిని పట్టుకుని తన గీత మీదకు తెచ్చేవారు. ఆ పట్టు కొంచెం నొప్పిగానే ఉండేది, కాని ఆయన గీత ఎటు పోతుందో నాకు తెలిసింది కూడా ఆ పట్టువల్లనే.

నా ప్రార్థనలోని లోపం అక్కడ అర్థమైంది. నడవవలసిన మార్గం బోధిస్తానని 32వ కీర్తన 8వ వచనంలో ఉన్న వాగ్దానాన్ని ఎనిమిది నెలలు పట్టుకున్నాను. తోలు వారుతోను కళ్లెముతోను బిగిస్తే తప్ప దగ్గరకు రాని గుఱ్ఱంలా ఉండవద్దని దాని వెంటనే ఉన్న మాటను వదిలేశాను. దేవుడు మౌనంగా ఉన్నాడని నేననుకుంటున్న రోజుల్లో ఆయన జవాబు ఒక వృద్ధురాలి నోట మా గుమ్మంలోనే పలికింది. ఇల్లు కట్టాలా అని నేనడిగాను, తమ్ముడేడని ఆయన అడిగాడు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్రతి కష్టమూ దేవుని దండన కాదు. పుట్టు గుడ్డివాని విషయంలో వాడైనను వాని కన్నవారైనను పాపం చేయలేదని యేసే శిష్యులకు చెప్పాడు, యోబు కష్టాలకు అతని పాపమే కారణమన్న స్నేహితులు తప్పుగా మాట్లాడారని దేవుడే వారి మీద కోపపడ్డాడు. అమ్మ ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు, ఇంట్లో ఏదో పాపం ఉండబట్టే ఇలా జరిగిందని పరామర్శకు వచ్చిన ఒకరు అన్నారు. అది దిద్దుబాటు కాదు, గాయం మీద కారం చల్లడం. పెద్దమ్మ అలా చేయలేదు. మత్తయి 18వ అధ్యాయం చెప్పినట్లు ఒంటరిగా ఉన్నప్పుడు అడిగారు, నాకు తెలిసిన తప్పునే అడిగారు, అడిగి వెళ్లిపోయారు.

ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారానికి ముందురోజు మౌలాలిలో తమ్ముడు అద్దెకుంటున్న ఇంటికి వెళ్లాను. మరదలు "రండి బావగారూ" అని కుర్చీ వేసింది. తమ్ముడు చాలాసేపు టీవీ వైపే చూశాడు. ఖర్చుల లెక్క రాసిన కాగితం జేబులోనే ఉంది, అయినా తీయలేదు. తప్పు నాదని, నాన్న మాట నేను దాటానని మాత్రం చెప్పాను. వాడు ఏమీ అనలేదు, మెట్లు దిగుతుంటే సాగనంపడానికీ రాలేదు. ఆ రాత్రి నాకు మనశ్శాంతి కలగలేదు, సిగ్గు కలిగింది. సమస్త శిక్షయు ప్రస్తుతమందు దుఃఖకరముగా కనబడునని హెబ్రీయులకు రాసిన పత్రిక దాచకుండా చెబుతుంది కనుక, నేనూ దాచడం లేదు.

జూన్‌లో 100 గజాలు తమ్ముడి పేరున రిజిస్టరు చేయించాను. పోయిన ఆ మూడేళ్ల గురించి వాడు నాతో ఇంతవరకూ మాట్లాడలేదు. మొన్న మేస్త్రీ నా భాగానికి ముగ్గు పోయడానికి వచ్చినప్పుడు మాత్రం, పిలవకుండానే వచ్చి, కొలత టేపు రెండో కొస పట్టుకుని ప్రహరీ పక్కన నిలబడ్డాడు.