క్లైడ్‌బ్యాంక్‌లో మిగిలిన టైటాన్

స్కాట్లండ్‌లోని గ్లాస్గో క్వీన్ స్ట్రీట్ స్టేషన్ నుంచి క్లైడ్‌బ్యాంక్‌కు రైల్లో అరగంట కూడా పట్టదు. ఆ కాస్త దూరానికి వసూలు చేసిన డబ్బుతో విశాఖ నుంచి విజయవాడ వెళ్లి రావచ్చు. తీరా దిగాక సన్నటి వాన. ఒకప్పటి ఓడల యార్డులో మిగిలిన టైటాన్ క్రేన్ గేటుకు తాళం. పైకి వెళ్లే లిఫ్టు మూసేశారు. ఉసూరుమనిపించింది.

కంచె సందులోంచే చూశాను. 1907లో విలియం ఆరోల్ సంస్థ కట్టిన క్రేన్ ఇది, ఎత్తు 150 అడుగులు. నాలుగు కాళ్ల ఇనుప గోపురం మీద పెద్ద త్రాసు కాడ అడ్డంగా పెట్టినట్టుంది. పొడవాటి కొస నీటి మీదికి సాగింది, పొట్టి కొస మీద యంత్రాల గది బరువు. విద్యుత్తుతో నడిచిన ఈ తరహా క్రేన్లలో ప్రపంచంలో ఇదే మొదటిది. నీళ్లలోకి దించిన ఓడలో బాయిలర్లు, ఇంజన్లు కూర్చోబెట్టడం దీని పని. రంగు మీద రంగు పూసినా కాళ్ల మీద రివెట్ల బుడిపెలు ఒక్కొక్కటీ విడిగా తెలుస్తున్నాయి.

క్రేన్ కంటే నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది నది. లూసిటానియా, క్వీన్ మేరీ లాంటి పెద్ద ప్రయాణికుల ఓడలు పుట్టిన చోట క్లైడ్ ఇంత ఇరుకా! ఆవలి ఒడ్డున చెట్ల కొమ్మలు కనిపిస్తున్నాయి. క్వీన్ మేరీ పొడవు వెయ్యి అడుగుల పైమాటే. నది వెడల్పు చాలదు కదా?

కుక్కను తిప్పుతున్న ఒక పెద్దాయన నా సందేహం విని చేతికర్రతో ఎదురుగా చూపించారు. అక్కడ కార్ట్ అనే చిన్న నది వచ్చి కలుస్తోంది. ఓడను కట్టి నీళ్లలోకి జార్చే వాలును, అంటే స్లిప్పును, ఒడ్డుకు ఏటవాలుగా, ఆ సంగమానికి గురిపెట్టి కట్టారట. ఓడ వెనక భాగం ముందుగా జారి అటు వెళ్లేది, టన్నుల కొద్దీ గొలుసులు దాని వేగాన్ని పట్టి ఆపేవి. 1967లో క్వీన్ ఎలిజబెత్ 2 నీళ్లలోకి దిగినప్పుడు ఆయన ఇక్కడే అప్రెంటిస్. 1931 చివర్లో మాంద్యం వల్ల పని ఆగి, క్వీన్ మేరీ 534 అన్న యార్డు నంబరుతో రెండేళ్లకు పైగా తుప్పు పట్టిందనీ, అప్పుడు వాళ్ల నాన్న పని పోయిందనీ నిన్న జరిగినంత కోపంగా చెప్పారు. 1941 మార్చిలో రెండు రాత్రుల బాంబుదాడికి ఊరు నేలమట్టమైనా టైటాన్ నిలిచింది. యార్డే నిలవలేదు, 2001లో మూతపడింది.

మీ ఊళ్లో యార్డు ఉందా అని అడిగారు. ఉందన్నాను. 1948లో జల ఉష అనే ఓడను దించిన విశాఖ యార్డులో ఇప్పటికీ పని నడుస్తోందని, మా నాన్న సింధియా బస్సెక్కి రోజూ అక్కడికే వెళ్లేవారని చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని చాలాసేపు ఊపారు.

స్టేషన్ నుంచి నాన్నకు ఫోన్ చేశాను. ఎన్ని టన్నులు ఎత్తేది అన్నారు. కట్టినప్పుడు 150 అన్నాను. అంత బరువు గాలిలో ఉన్నప్పుడు ఈదురుగాలి వస్తే ఏం చేసేవారో ఆ పెద్దాయనను అడగాల్సింది అన్నారు.