పట్టిన చేప, వదిలిన చేప

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, రీనో నగరానికి ఈశాన్యంగా ఎడారి కొండల నడుమ ఉన్న పిరమిడ్ సరస్సులో నేనూ పన్నెండేళ్ల మా అమ్మాయీ కయాక్ అనే చిన్న తెడ్డు పడవ వేసుకుని ట్రౌట్ చేపలు పట్టడం మొదలుపెట్టి ఇది మూడో చలికాలం. పట్టిన చేపల్లో చాలావాటిని తిరిగి నీళ్లలోనే వదిలేస్తామని ఫోనులో విన్న మా అమ్మకు ఈ పని ఏమాత్రం నచ్చలేదు. "తినేటట్టయితే పట్టండి, లేకపోతే దాని జోలికి పోకండి. నోట్లో గాలం గుచ్చి వదిలేయడం ఏం ఆట?" అని ఆమె అడిగితే నాకు నోట మాట రాలేదు, ఎందుకంటే నేను పెరిగింది కూడా ఆ మాట వింటూనే.

జవాబు వెతికే పని మా అమ్మాయే తలకెత్తుకుంది. ఆ సరస్సు పైయూట్ అనే అక్కడి ఆదివాసీ తెగవారిది; అక్కడ గాలం వేయాలంటే వారి దగ్గరే అనుమతి కొనుక్కోవాలి. టాహో సరస్సు నుంచి వచ్చే ట్రకీ నదే దానికి ప్రధాన ఆధారం, లోపలికి వచ్చిన నీరు బయటికి పోయే దారి లేదు. 1905లో కట్టిన డెర్బీ ఆనకట్ట ఆ నదిని పొలాలకు మళ్లించాక సరస్సు మట్టం పడిపోయి, గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురెక్కే దారి చేపలకు మూసుకుపోయింది. 1925లో 41 పౌండ్ల చేప దొరికిన ఆ నీళ్లలోనే, 1940ల నాటికి అక్కడి సహజ జాతి అయిన లహోంటన్ కట్‌త్రోట్ ట్రౌట్ ఒక్కటి కూడా మిగల్లేదు. తర్వాతి కాలంలో పైలట్ పీక్ కొండవాగులో ఆ జాతి బతికి ఉందని తేలడంతో, దాని సంతతిని 2006 నుంచి ఇక్కడ తిరిగి పెంచుతున్నారు.

ఇదంతా అమ్మమ్మకు తెలుగులోనే చెబుతానని పట్టుబట్టి, వారం రోజుల పాటు ఆనకట్ట, సంతతి, అంతరించడం వంటి మాటలు నన్నడిగి రాసుకుంది. మధ్యలో నేను కల్పించుకోకుండా ఊరుకోవడం, నిజం చెప్పాలంటే, అన్నిటికన్నా కష్టమైన పని.

చేపను వదిలే తీరు కూడా వివరించింది. ముందు చేతులు తడుపుకోవాలి, పొడిచేత్తో పట్టుకుంటే దాని ఒంటి మీది జిగురు పొర ఊడిపోతుంది. గాలానికి వెనకముల్లు ఉండకూడదన్నది అక్కడి నియమం కాబట్టి, కాస్త తిప్పగానే ఊడి వస్తుంది. దవడ కింద ఎర్రటి చార కనబడేలా చేపను నీళ్లలోనే పట్టుకుని ఉంటే, కాసేపటికి తోక ఝాడించి అదే జారిపోతుంది.

మా అమ్మ అంతా విని, "బాగా చెప్పావు తల్లీ. అయినా దాని నొప్పి దానిదే కదా" అంది.

దానికి మా అమ్మాయి బదులు చెప్పలేదు. మొన్న వెళ్లినప్పుడు, ఉంచుకోవడానికి నియమాలు ఒప్పుకునే కొలతలో తొలి చేప పడగానే, వంటకు ఇది చాలని గాలం చుట్టేసి తెడ్డు అందుకుంది. అప్పటికింకా గాలి లేవలేదు, సరస్సు అద్దంలా ఉంది.