కమాండ్ పేరుకి డాట్ ఎస్‌హెచ్ తోక వద్దు

లినక్స్‌లో ఫైల్ పేరు చివర ఏముందో కెర్నెల్‌కి, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగానికి, అనవసరం. ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఉందా, ఫైల్ షిబాంగ్‌తో (ఏ ప్రోగ్రామ్‌తో నడపాలో చెప్పే #! లైనుతో) మొదలవుతోందా అన్నదే చూస్తుంది. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో లెక్క వేరు. అక్కడ షిబాంగ్‌కి విలువ లేదు. ఎక్స్‌టెన్షన్ లేకుండా పేరు కొడితే, పాత్ఎక్స్ట్ వేరియబుల్‌లో ఉన్న ఎగ్జీ, బ్యాట్, సీఎండీ లాంటివి ఒక్కొక్కటే తగిలించి వెతుకుతుంది.

అందుకే సోర్స్ ఫోల్డర్‌లో మీ షెల్ స్క్రిప్ట్ పేరు, ఉదాహరణకి, బ్యాకప్.ఎస్‌హెచ్ అనే ఉంచండి, ఎడిటర్‌కి అది కావాలి. లినక్స్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రం మోడ్ 755తో (అందరూ నడపగలిగే పర్మిషన్), /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లోకి ఉత్త 'బ్యాకప్' పేరుతో పంపండి. విండోస్‌లో బ్యాకప్.సీఎండీ పెట్టండి. రెండు చోట్లా యూజర్ కొట్టేది 'బ్యాకప్' అనే. రేపు దాన్ని పైథాన్‌లో తిరగరాసినా, పిలిచేవాళ్లు ఒక్క లైను కూడా మార్చక్కర్లేదు. డెబియన్ లినక్స్ పాలసీ కూడా పాత్‌లో (కమాండ్ల కోసం సిస్టమ్ వెతికే ఫోల్డర్లలో) ఉండే స్క్రిప్ట్‌లకి భాష పేరు తగిలించొద్దనే చెబుతుంది.

బిల్డ్ టూల్ సీమేక్ వాడితే, దాని ఇన్‌స్టాల్ కమాండ్‌లో ఫైల్స్ కాదు, ప్రోగ్రామ్స్ అని రాయాలి. ఫైల్స్ అంటే ఎగ్జిక్యూట్ బిట్ లేకుండా పడుతుంది, 'పర్మిషన్ డినైడ్' వస్తుంది. పేరు మార్చడానికి రీనేమ్ ఉంది.

డెబియన్, ఉబుంటుల్లో బాగా ఇబ్బంది పెట్టేది క్రాన్.డెయిలీ, అంటే రోజూ నడవాల్సిన స్క్రిప్ట్‌లు పెట్టే ఫోల్డర్. అందులో బ్యాకప్.ఎస్‌హెచ్ పెడితే అది ఎప్పటికీ నడవదు, ఎర్రర్ కూడా రాదు. వాటిని నడిపే రన్-పార్ట్స్ మామూలుగా అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్, హైఫన్ ఉన్న పేర్లనే తీసుకుంటుంది, చుక్క ఉంటే దాటేస్తుంది. రన్-పార్ట్స్‌ని టెస్ట్ ఆప్షన్‌తో నడిపి, లిస్టులో మీ పేరు ఉందో లేదో చూసుకోండి.

విండోస్‌లో పైథాన్ ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే పిప్ మీ కమాండ్‌కి ఎగ్జీ తయారుచేస్తుంది. జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే ఎన్‌పీఎం ఒక్కో కమాండ్‌కి మూడు ఫైళ్లు పెడుతుంది: ఎక్స్‌టెన్షన్ లేనిది, సీఎండీ, పవర్‌షెల్ కోసం పీఎస్1. ఎన్‌పీఎం కూడా అక్కడ సీఎండీ ఫైలే. కాబట్టి మీ బ్యాచ్ ఫైల్‌లో 'ఎన్‌పీఎం ఇన్‌స్టాల్' ముందు 'కాల్' పెట్టకపోతే కంట్రోల్ వెనక్కి రాదు. కింది లైన్లన్నీ అలాగే ఉండిపోతాయి.

లైన్ ఎండింగ్స్ సంగతీ అంతే ముఖ్యం. విండోస్‌లో సేవ్ చేసిన స్క్రిప్ట్ లినక్స్‌లో 'బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్' అంటూ, బ్యాష్ పేరు పక్కన ^ఎమ్ చూపిస్తే అది విండోస్ లైను చివర అదనంగా పెట్టే క్యారేజ్ రిటర్న్ అక్షరం. గిట్ సెట్టింగ్ ఫైల్ గిట్ఆట్రిబ్యూట్స్‌లో ఎస్‌హెచ్ ఫైళ్లకి ఎల్‌ఎఫ్ (లినక్స్ లైన్ ఎండింగ్), సీఎండీ ఫైళ్లకి సీఆర్ఎల్ఎఫ్ (విండోస్‌ది) అని రాసెయ్యండి. విండోస్ నుంచి కమిట్ చేస్తే ఎగ్జిక్యూట్ బిట్ దానంతట అది ఎక్కదు. గిట్ అప్‌డేట్-ఇండెక్స్‌కి సీహెచ్‌మోడ్ ఆప్షన్‌లో +ఎక్స్ ఇచ్చి, మోడ్ 100755 అయిందో లేదో చూశాకే పుష్ చెయ్యండి.