పంటు మీద దయానిధి

మా పెద్దమ్మ కొడుకు పాలకొల్లులో ఇల్లు కట్టుకున్నాడు. ఆదివారం తెల్లవారుజామున గృహప్రవేశం. శుక్రవారం రాత్రి సికింద్రాబాదులో నేను బండెక్కేసరికి నా సంచిలో మూడు జతల బట్టలు, అయిదు నవలలు ఉన్నాయి. ఆరోది 'వేయిపడగలు'. దాన్ని సంచిలో పెట్టి, ఒకసారి ఎత్తి చూసి, తీసి మళ్ళీ అలమరలో పెట్టేశాను. ఇరవై ఏళ్ళుగా ప్రతి ప్రయాణానికీ ఇదే తంతు. విశ్వనాథవారు అంత పుస్తకాన్నీ నెల తిరక్కుండా చెప్పి రాయించారంటారు. నేను మాత్రం ఇన్నేళ్ళలో ఆ కథ జరిగే సుబ్బన్నపేట పొలిమేర దాటలేదు.

నేను పెద్ద చదువరినేం కాదు. బ్యాంకులో ఉద్యోగం. ఇంట్లో ఉంటే ఫోను పక్కన పెట్టి పది పేజీలు చదవడం నా వల్ల కాదు. రైల్లో అయితే సిగ్నల్ పోతుంది, కిటికీ బయట చీకటి, ఎదురుగా ఎవరిదో గురక. ఇక పుస్తకం తప్ప గతిలేదు. కాబట్టి కింద చెప్పేవన్నీ బెర్తు మీద పడుకుని చదివినవాడి అభిప్రాయాలు. పండితులకు కోపం వస్తే రానీండి.

మొదట తీసింది యద్దనపూడి సులోచనారాణి 'సీక్రెటరి'. మా ఇంట్లో ఆడవాళ్ళందరూ చదివారు, మగవాళ్ళెవరూ చదివామని ఒప్పుకోరు. అరవైల్లో 'జ్యోతి' మాసపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల. తర్వాత అక్కినేని, వాణిశ్రీలతో సినిమా కూడా వచ్చింది. ఇరవై పేజీలకల్లా నాకు నవ్వొచ్చింది. రాజశేఖరం ఎత్తు, రాజశేఖరం కారు, రాజశేఖరం చిరునవ్వు. వనితా విహార్‌లో ఆడవాళ్ళందరికీ అతని ధ్యాసే. మనిషికి ఒక్క అవలక్షణమైనా ఉండొద్దా? చొక్కా మీద కాఫీ మరకైనా పడదు. జయంతి సంగతి వేరు. బామ్మని పోషించుకోవాలి, ఉద్యోగం కావాలి, ఆత్మాభిమానం చంపుకోలేదు. ఆ అమ్మాయి మాట్లాడినంతసేపూ నవల బతికే ఉంటుంది. నవ్వుకుంటూనే రాత్రి ఒంటిగంట దాకా చదివాను. ఇంకో ముప్పై పేజీలుందనగా కింది బెర్తాయన లైటు తీసెయ్యమన్నాడు.

పొద్దున లేచేసరికి బండి రెండు గంటలు లేటు. గుడివాడ దాటాక, కైకలూరు దగ్గర రెండు పక్కలా చేపల చెరువులే. అక్కడక్కడా నీళ్ళు చిలికే చక్రాలు తిరుగుతున్నాయి. డెబ్బై అయిదేళ్ళుంటాయేమో, ఎదుటి సీట్లో కూర్చున్న పెద్దావిడ నా చేతిలో పుస్తకం అట్ట చూసి గుర్తుపట్టేసింది.

"అది సీక్రెటరి కదూ? నువ్వు చదువుతున్నావా బాబూ?"

నేను కాస్త సిగ్గుపడి, ఊరికే అండి, టైంపాస్‌కి అన్నాను.

"నా పెళ్ళికి ముందు జ్యోతిలో చదివాను. మా అక్కయ్యా నేనూ పేజీకోసం కొట్టుకునేవాళ్ళం. రాజశేఖరంలాంటి మొగుడొస్తాడనుకున్నాను. మీ బాబాయిగారొచ్చారు. పంచాయతీ బోర్డులో గుమాస్తా."

"మరి బాధపడ్డారా?"

"ఎందుకూ! ఆయన కాఫీ పెట్టేవారు. రాజశేఖరం ఎక్కడైనా కాఫీ పెట్టాడేమో చూడు."

ఇంతకన్నా మంచి విమర్శ నేనెక్కడా చదవలేదు. నాకింకా ముప్పై పేజీలుందని చెబితే, "ఏముంటుందిలే, పెళ్ళవుతుంది" అనేసి పుస్తకం చేతిలోకి తీసుకుంది. భీమవరంలో దిగేటప్పుడు కూడా అది ఆవిడ చేతిలోనే ఉంది. ఇచ్చేయండి అనడానికి నోరు రాలేదు. తీసుకెళ్ళండి అన్నాను.

ఇంటికి చేరగానే వదిన నా సంచి చూసి, "గృహప్రవేశానికొచ్చావా, పరీక్షలు రాయడానికొచ్చావా?" అంది. శనివారం సాయంత్రం వంటవాళ్ళ హడావిడిలో నాకే పనీ లేకపోవడంతో, గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' పట్టుకుని దిబ్బరొట్టె కోసం బయటపడ్డాను. పాలకొల్లు వెళ్ళి దిబ్బరొట్టె తినకుండా వచ్చామంటే ఎవరూ నమ్మరు. మినప్పిండి మందంగా పోసి, కింద బొగ్గులు, మూత మీద నిప్పులు పెట్టి కాలుస్తారు. పై పెచ్చు గోధుమరంగులో కరకరలాడుతూ, లోపల దూదిలా ఉంటుంది. తుంచితే ఆవిరొస్తుంది. పానకంలో ముంచుకుని తినాలి. చట్నీ కూడా ఇస్తారు గానీ, మావాళ్ళు దాన్ని లెక్కలోకి తీసుకోరు.

ఎడంచేత్తో పుస్తకం, కుడిచేత్తో రొట్టె. సీతారామారావు భార్య ఇందిర మీద విరుచుకుపడుతున్న చోట పేజీ మీద నూనె మరక పడింది, ఇంకా అలాగే ఉంది. తెలుగులో మనిషి మనసులోకి అంత లోతుగా దిగిన మొదటి నవల ఇదేనంటారు. అయి ఉండొచ్చు. నాకైతే సీతారామారావుని రెండు చెంపలూ వాయించాలనిపించింది. ఆస్తి పోగొట్టుకున్నాడు, సరే. ఏ పనీ చెయ్యడు. చేసేవాళ్ళని చూసి ఏడుస్తాడు. ఇంట్లో ఆడవాళ్ళ మీద జులుం. అన్నిటికీ ఒక సిద్ధాంతం చెబుతాడు. రామయ్య తాత వచ్చి నాలుగు ముక్కలు మాట్లాడితే ప్రాణం లేచొచ్చింది. నన్నడిగితే నవల పేరు రామయ్య తాత పేరు మీద ఉండాల్సింది.

కానీ ఒక మాట చెప్పాలి. ఆ రాత్రి మేడ మీద పడుకుని మిగతాది పూర్తి చేశాక నిద్ర పట్టలేదు. చివర శ్మశానం దాకా వెళ్ళే ఆ పేజీలు చదువుతుంటే, వాడి మాటలు కొన్ని నేను కూడా ఎప్పుడో అన్నట్టే అనిపించింది. మొన్న ప్రమోషను రానప్పుడు మా ఆవిడతో అన్నవే. ఎందుకు అని అడగడం నేర్పినందుకు గోపీచంద్ ఈ పుస్తకం తన తండ్రి త్రిపురనేని రామస్వామికి అంకితమిచ్చారు. నవల బాగుందా లేదా అంటే ఇప్పటికీ తేల్చుకోలేను. మళ్ళీ చదవను, అంతవరకు ఖాయం.

సోమవారం నాది. రాత్రి బండి దాకా ఖాళీ. 'బారిస్టర్ పార్వతీశం' సంచిలో పెట్టుకుని నరసాపురం వెళ్ళి, అక్కణ్ణుంచి ఆటోలో మొగల్తూరు బయల్దేరాను. పుస్తకంలో మొగలితుర్రు. ఇంట్లో చెప్పకుండా లండను పారిపోయిన ఆ కుర్రాడి ఊరు చూడాలని చిన్నప్పటి కోరిక. ఆటో అబ్బాయి అడిగాడు, "కృష్ణంరాజు గారి ఇల్లు చూస్తారాండి? చిరంజీవి గారిది కూడా ఈ ఊరేనండి."

పార్వతీశం ఊరు చూద్దామని వచ్చానన్నాను.

"ఏ వీధిలో ఉంటారండి ఆయన?"

మొక్కపాటి నరసింహశాస్త్రి ఈ మాట వింటే ఇంకో అధ్యాయం రాసేవారు. మొదటి భాగం 1924లో అచ్చయింది. నూరేళ్ళు దాటినా ఆటోలో కూర్చుని చదువుతుంటే నాకు నవ్వాగలేదు. పందుంపుల్లల కట్టతో సహా సామాను సర్దుకుని సీమకి బయల్దేరడం, మద్రాసులో దొరల టోపీ అనుకుని దొరసానుల టోపీ కొనుక్కుని దర్జాగా తిరగడం ఎన్నిసార్లు చదివినా అంతే. ఇదివరకు మా అబ్బాయికి చదివి వినిపిస్తే వాడు నవ్వలేదు. "పాపం నాన్నా, ఎవరూ చెప్పలేదా అతనికి?" అన్నాడు. అప్పటినుంచీ టోపీ దగ్గర నవ్వుతోపాటు ఎక్కడో కొంచెం గుచ్చుకుంటుంది. నేను మొదటిసారి ట్రైనింగుకి బొంబాయి వెళ్ళినప్పుడు, హోటల్లో చెయ్యి కడుక్కోమని పెట్టిన నిమ్మకాయ నీళ్ళు తాగేశాను. నాకూ ఎవరూ చెప్పలేదు.

పార్వతీశం నరసాపురంలో పడవెక్కి, కాలవ మీద నిడదవోలు వెళ్ళి అక్కడ రైలెక్కుతాడు. ఇప్పుడు నరసాపురం నుంచి నేరుగా రైలుంది, కాలవలో పడవలు లేవు. రోడ్డు పక్కన కాలవలో గుర్రపుడెక్క పచ్చగా పరుచుకుని ఉంది. దాని మీద ఒక కొంగ నడుచుకుంటూ పోతోంది. పడవ ప్రయాణం రాసిన పేజీలు అక్కడే కాలవ గట్టు మీద కూర్చుని మళ్ళీ చదివాను. ఆ జనం, ఆ ఆరాలు, ఒకరి సంగతులు ఒకరు కూపీ లాగడం ఏమీ మారలేదు, పడవ తప్ప. నేను కూర్చున్న పది నిమిషాల్లో ఇద్దరు ఆగి ఎవరి తాలూకండి అని అడిగారు.

తర్వాతి భాగాల గురించి కూడా ఉన్నమాట చెప్పాలి. చాలా ఏళ్ళ తర్వాత రాశారు, అది తెలిసిపోతుంది. సీమ నుంచి తిరిగొచ్చి, పెళ్ళి, ప్లీడరీ, స్వాతంత్ర్యోద్యమం అంటూ పార్వతీశం పెద్దమనిషి అయిపోతాడు. పెద్దమనిషిని చూసి నవ్వలేం కదా. ఎవరైనా కొత్తగా చదువుతుంటే మొదటి భాగం చాలు అని చెబుతాను.

మధ్యాహ్నం నరసాపురం రేవుకొచ్చి పంటు అనే బల్లకట్టు ఎక్కాను. వశిష్ట గోదావరి దాటి సఖినేటిపల్లి రేవులో దింపుతుంది, అక్కణ్ణుంచి అంతర్వేది. పంటు మీద మనుషులతోపాటు మోటారు సైకిళ్ళు, రెండు కార్లు, ఒక చేపల గంప. ఆ గంప పక్కనే నిలబడి బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' తెరిచాను. ఇది నాలుగోసారి. మొదటి మూడుసార్లూ నూరో పేజీ లోపలే ఆగిపోయాను. అందులో ఇప్పటికీ పాత రైలు టిక్కెట్టు ఒకటుంది.

దయానిధి మనసు నాకు అర్థమవుతుంది. తల్లి మీద లోకం వేసిన నిందని జీవితమంతా మోసినవాడు. వాక్యాలు కూడా అద్భుతంగా ఉంటాయి, ఒక్కొక్కటీ విడిగా తీసి గోడకి తగిలించుకోవచ్చు. అదే నా ఇబ్బంది. ప్రతి వాక్యం దగ్గరా ఆగితే కథ ఎప్పుడు నడవాలి? కోమలి వస్తుంది, అమృతం వస్తుంది, ఇతను ఆలోచిస్తాడు. వాళ్ళు వెళ్ళిపోతారు, ఇతను మళ్ళీ ఆలోచిస్తాడు. నా పక్కన గంపావిడ ఫోనులో ఎవరితోనో, "రేటు తేల్చకుండా సరుకు దింపనని చెప్పు" అని గట్టిగా అంటోంది. ఆవిణ్ణి ఆ నవల్లోకి పంపితే వంద పేజీలు తగ్గేవి. చదువు తెలిసిన మా స్నేహితుడొకడు ఇది తెలుగు నవలల్లో మకుటం అంటాడు, నాకు వయసు రావాలంటాడు. నలభై ఆరు వచ్చాయి. అంతర్వేదిలో నరసింహస్వామి దర్శనం చేసుకుని, తిరుగు పంటులో తొంభై ఆరో పేజీ దగ్గర కొత్త టిక్కెట్టు పెట్టాను.

రాత్రి బండిలో డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు'. దీని గురించి చెప్పాల్సింది తక్కువ, ఎందుకంటే ఫిర్యాదుల్లేవు. 1957–58లో 'తెలుగు స్వతంత్ర'లో సీరియల్‌గా వచ్చింది. ఆవిడ రాసిన నవల ఇదొక్కటే. 1961లో, ముప్పై రెండేళ్ళు తిరక్కుండానే పోయారు. ఇందిర సంపాదించి తండ్రిని పోషిస్తుంది. మేనమామ పేరు చెబితే వణికే ప్రకాశం తేల్చుకోలేక నసుగుతుంటే, వాణ్ణి వదిలేసి తన దారి తను చూసుకుంటుంది. మంచిదా చెడ్డదా అని రచయిత్రి మన చెవిలో చెప్పదు. ఇందులోంచి తీసిన 'చదువుకున్న అమ్మాయిలు' సినిమా చూసి ఇదేదో సరదా కథ అనుకుని ఇన్నాళ్ళూ చదవలేదు. నా తప్పే. బీబీనగర్ దాటాక చివరి పేజీ అయింది. టీ అబ్బాయి రెండుసార్లు పిలిచినా వినపడలేదట.

ఇంటికొచ్చి స్నానం చేసి చేసిన మొదటి పని, ఫోను తీసి 'సీక్రెటరి' ఇంకో కాపీ ఆర్డరు పెట్టడం. ముప్పై పేజీల కోసం. పెళ్ళవుతుందని తెలుసు. కాఫీ ఎవరు పెడతారో చూడాలి.