వెనక్కి చూసే పెట్టె: ఇన్‌స్పెక్షన్ కార్ మోడల్ ఎంతవరకు వచ్చిందంటే

రైలు మోడళ్ల హెచ్‌ఓ స్కేల్‌లో, అంటే అసలు పెట్టెలో 87వ వంతు సైజులో (1:87), కడుతున్న అమెరికన్ ఇన్‌స్పెక్షన్ కార్ (అధికారులు పట్టాలు తనిఖీ చేసే పెట్టె) లోపలి పని దాదాపు అయిపోవచ్చింది. బాడీ, పైకప్పు, ట్రక్కులు (పెట్టె కింద చక్రాలుండే చట్రాలు) ఒక ప్యాసింజర్ పెట్టె కిట్‌వే కాబట్టి వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అసలు పనంతా వెనక చివరే ఉంది.

రైలు చివర కిటికీలున్న పెట్టెలన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ, ఎవరు కూర్చోడానికి కట్టారన్న దాన్ని బట్టి లోపల అంతా మారిపోతుంది. అబ్జర్వేషన్ కార్ ప్రయాణికుల కోసం. 19వ శతాబ్దం చివర్లో దానికి ఇత్తడి కటకటాలున్న బాల్కనీ లాంటి ప్లాట్‌ఫారం ఉండేది. 1930ల్లో గుండ్రటి తోక వచ్చింది. అందం సంగతి సరే, ఆ గుండ్రటి తోక వెనక ఇంకో పెట్టె తగిలించినా ప్రయాణికులు అటు దాటలేరు. పైగా రైలు చివరి స్టేషన్ చేరిన ప్రతిసారీ పెట్టెను తిప్పాలి. అందుకే కొన్ని కంపెనీలు తర్వాత ఆ తోకను చదరంగా మార్చి తలుపు పెట్టుకున్నాయి.

ఇన్‌స్పెక్షన్ కార్ రైల్వే అధికారులది. ఇంజినీర్లు, డివిజన్ అధికారులు అందులో కూర్చుని కంకర ఎక్కడ జారింది, నీళ్లు పోయే కాలువ ఎక్కడ పూడింది, స్లీపర్లు ఎక్కడ కుళ్లాయి, పట్టాల అతుకు ఎక్కడ కుంగింది అని చూసుకుంటూ పోతారు. ముందు ఇంజిన్లోంచి చూడొచ్చు కదా అంటే, చూస్తారు కూడా. కానీ ఇంజిన్ ముక్కు దగ్గరి పట్టాలను కప్పేస్తుంది. వెనక కిటికీలోంచైతే కొన్ని మీటర్ల దూరం నుంచే రెండు పట్టాలూ కనిపిస్తాయి. ఇంకో లాభం నాకు మరీ నచ్చింది: కుదుపు ముందు ఒంటికి తెలుస్తుంది, మరుక్షణం ఆ చోటు కిటికీలోకి వచ్చేస్తుంది. మైలురాయి నంబరు చూసి రాసుకోవడమే.

అధికారుల పెట్టెల వెనక ప్లాట్‌ఫారంలాంటిదే రాజకీయాలకూ పనికొచ్చింది. 1948 ఎన్నికల్లో అప్పటి అమెరికా అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ ఊరూరా రైలు ఆపి మాట్లాడింది ఫెర్డినాండ్ మాగెల్లాన్ అనే పెట్టె వెనక నుంచే. 1929లో పుల్‌మన్ కంపెనీ కట్టిన ఆ పెట్టెకు 1942లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కోసం ఉక్కు కవచం, బుల్లెట్లు దూరని అద్దాలు పెట్టారు.

నేను కడుతున్నది థియేటర్ కార్ అనే రకం. సినిమా హాల్లోలాగా సీట్ల వరసలు వెనక్కి పోయేకొద్దీ ఎత్తుగా ఉంటాయి, ఎదురుగా పెద్ద అద్దం. ఆ మెట్లను కంటికి నచ్చినట్టు పెట్టేస్తే సరిపోదనిపించి కాగితం మీద లెక్క వేశాను. పెట్టె నేల పట్టాల మీద నుంచి 1.3 మీటర్లు, కూర్చున్న మనిషి కన్ను నేల నుంచి 1.2 మీటర్లు, అద్దం కింది అంచు నేల నుంచి 0.6 మీటర్లు అనుకున్నా. మొదటి వరస అద్దానికి 1.5 మీటర్ల దూరంలో ఉంటే, అద్దం అవతల 4.75 మీటర్ల నుంచి పట్టాలు కనిపిస్తాయి. ఇంకో రెండు మీటర్లు లోపలున్న మూడో వరసను అదే నేల మీద పెడితే ఆ దూరం 11 మీటర్లు దాటిపోతుంది, పైగా ముందువాళ్ల తలలు అడ్డం. వరసకు పావు మీటరు చొప్పున లేపితే అదే మూడో వరసకు 6 మీటర్ల దగ్గర నుంచే కనిపిస్తుంది. చిన్న మెట్టే గానీ ఎంత తేడా! స్కేల్లో పావు మీటరంటే 2.9 మిల్లీమీటర్లు. అందుకని 1.5 మిల్లీమీటర్ల స్టైరీన్ ప్లాస్టిక్ షీట్లు రెండేసి అంటించి, కొద్దిగా సానబట్టి మెట్లు చేశాను. వరసకూ వరసకూ మధ్య 11.5 మిల్లీమీటర్లు వదిలాను.

వెనక గోడలో అద్దం కోసం రంధ్రం కోసేటప్పుడు ముందు మూలల్లో చిన్న డ్రిల్ బిట్‌తో తూట్లు పెట్టి, వాటి మధ్య కత్తితో పలుచగా పదేపదే గీస్తూ పోవడం మేలు. ఒకేసారి బలంగా నొక్కితే ప్లాస్టిక్ చీలుతుంది. అద్దానికి అర మిల్లీమీటరు పారదర్శక షీటు వాడాను. దీన్ని సూపర్ గ్లూతో అంటించొద్దు, ఆవిరికి అద్దం తెల్లబడుతుంది. ఆరాక పారదర్శకంగా మారే తెల్ల జిగురు చాలు. లోపలి గోడలకు మ్యాట్ ముదురు గోధుమరంగు వేశాను, దీపం వెలిగినప్పుడు సీట్ల నీడలు అద్దంలో పడకుండా.

అద్దం పక్కన వేగం చూపే మీటరు, బ్రేక్ గాలి ఒత్తిడి మీటరు అచ్చువేసిన కాగితంతో పెట్టాను. కింద, రాత్రిపూట పట్టాల మీద పడే వెలుగుకి రెండు అతి చిన్న 0603 సైజు ఎల్‌ఈడీలు. చక్రాల నుంచి కరెంటు తీసుకుని, దాన్ని ఒకే దిశలో పంపే బ్రిడ్జ్ రెక్టిఫైయర్ దాటాక ఒక్కోదానికి 4.7 కిలోఓమ్స్ రెసిస్టర్ వేస్తే వెలుగు మరీ కళ్లలో పొడవకుండా ఉంటుంది. చక్రం దుమ్ము మీద ఎక్కినప్పుడు మినుకుమినుకుమనకుండా 25 వోల్టుల కెపాసిటర్ ఒకటి టాయిలెట్ గదిలో దాచాను.

బరువు విషయంలో అమెరికా మోడల్ రైళ్ల సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ సిఫార్సు పాటించడమే మంచిది: ఒక ఔన్సు, ఆపైన అంగుళానికి అర ఔన్సు. 85 అడుగుల పెట్టె మోడల్‌లో 11.7 అంగుళాలు వస్తుంది కాబట్టి 194 గ్రాములు. సీసం ముక్కలన్నీ నేల కింద, రెండు ట్రక్కులకూ సమానంగా పంచాను.

మెట్లు కడుతూ ఆలోచించిన విషయం ఒకటి. అమెరికా నిబంధనల్లో రైళ్ల వేగాన్ని బట్టి చేసిన తరగతుల్లో నాలుగో తరగతి లైనుకు పట్టాల మధ్య దూరం 57.5 అంగుళాలు మించకూడదు. మామూలుగా ఉండాల్సింది 56.5. ఆ ఒక్క అంగుళం వెడల్పును నడుస్తున్న రైలు చివర కూర్చుని కంటితో పట్టుకోవడం జరిగే పని కాదు. దానికి కొలిచే పరికరాలున్న జామెట్రీ కార్లు కావాలి. పట్టా లోపలి పగులైతే పైకి అసలు కనపడదు. 1911లో న్యూయార్క్ రాష్ట్రం మాంచెస్టర్ దగ్గర జరిగిన ఘోర ప్రమాదానికి కారణం అలాంటి పగులే. ఆవిష్కర్త ఎల్మర్ స్పెరీ తయారుచేసిన, పట్టాలోకి కరెంటు పంపి పగులు పట్టే కారు 1928లో పనిలోకి దిగింది. ఈ మోడల్ అయ్యాక ఒక పసుపు స్పెరీ కారు కట్టాలని ఉంది.

ఇప్పటికి మిగిలినవి వెనక కటకటాలు, రైలు చివర ఇదేనని చూపే ఎర్ర మార్కర్ దీపాలు, అక్షరాల డెకాల్స్ (అంటించే అచ్చు బొమ్మలు). కటకటాలకు 0.4 మిల్లీమీటర్ల ఇత్తడి తీగ తెచ్చాను. చెక్క ముక్క మీద గాడులు కోసి, తీగలు అందులో పెట్టి టంకం వేయాలి. డెకాల్స్‌కి ముందు మెరిసే (గ్లాసీ) వార్నిష్, తర్వాత మ్యాట్. కప్లర్లు (పెట్టెలను కలిపే కొక్కేలు) బాడీకే బిగించాను కాబట్టి ఇంత పొడుగు పెట్టె 24 అంగుళాల వ్యాసార్ధం ఉన్న వంపులో ఒరుసుకోకుండా తిరుగుతుందో లేదో పెయింట్ వేసేలోపే చూసుకోవాలి.