చిక్కటి అడవిలో వేటకు స్కోపు ఎంచుకోవడం: నా అనుభవం

స్కోపంటే రైఫిల్ మీద బిగించి గురి చూసే దుర్బిణి. దుకాణంలో ఎవరిని అడిగినా ముందు చేతిలో పెట్టేది 3-9×40 స్కోపే, అంటే దృశ్యాన్ని 3 నుంచి 9 రెట్లు పెంచి చూపేది, ముందు అద్దం వ్యాసం 40 మిల్లీమీటర్లది. అమెరికాలో జింకల వేటకు ఎక్కువమంది వాడేది కూడా అదే. పొలాల గట్ల వెంట రెండు వందల గజాల దూరం చూసేవారికి అది చక్కగా సరిపోతుంది. నేను వేటాడేది పెన్సిల్వేనియా వాయవ్య మూలన ఉన్న అల్లెఘెనీ జాతీయ అరణ్యంలో. సూదుల్లాంటి ఆకులుండే హెమ్లాక్ చెట్ల నీడ, దాని కింద మనిషెత్తు పెరిగిన బీచ్ మొక్కల గుబురు. చాలాచోట్ల యాభై అరవై గజాలు దాటి చూపు పోదు.

భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటకు తెరపడింది. అది అలాగే ఉండాలని కోరుకునేవాణ్ణి నేను. ఇక్కడి పరిస్థితి వేరు. తోడేళ్లు, కొండసింహాలు ఎప్పుడో అంతరించాయి. జింకలు మితిమీరితే లేత మొక్కలన్నీ మేసేస్తాయి, అడవి మళ్లీ మొలకెత్తదు. అందుకే రాష్ట్రమే లైసెన్సులిచ్చి వేటాడిస్తుంది. శిక్షణ తరగతి పూర్తిచేసి లైసెన్సు చేతికి వచ్చాకే నేను స్కోపు సంగతి చూశాను.

నా రైఫిల్ మార్లిన్ 336, .30-30 తూటాలది. పేల్చిన తూటా కేసు పక్కకు పడుతుంది కాబట్టి పైన స్కోపు బిగించడానికి వీలుంటుంది. పాత వించెస్టర్ 94లో అది పైకే ఎగురుతుంది, అక్కడ స్కోపు పెట్టడం పెద్ద తంటా.

స్కోపు మీద రెట్లకు రెండు అంకెలుంటాయి, కనిష్ఠం ఒకటి, గరిష్ఠం ఒకటి. అందరి చూపూ పెద్ద అంకె మీదే. అడవిలో పనికొచ్చేది చిన్నది. 9 రెట్లలో వంద గజాల దూరాన కనిపించే వెడల్పు దాదాపు 14 అడుగులు, అంటే యాభై గజాల దగ్గర 7 అడుగులే. కదిలే జింకను అందులో వెతకడం తాళం చెవి కంతలోంచి వీధిని చూడటం లాంటిది. 2 రెట్లలో అదే యాభై గజాల దగ్గర 20 అడుగులకు పైగా కనిపిస్తుంది. జింకతోపాటు అది ఏ చెట్టు వెనక్కు పోతోందో కూడా తెలుస్తుంది.

వెలుతురు మీదా చాలా అపోహలున్నాయి. ముందు అద్దం వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే కంటికి చేరే కాంతి వలయం వెడల్పు వస్తుంది. 40ని 9తో భాగిస్తే 4.4 మిల్లీమీటర్లు. 33 మిల్లీమీటర్ల అద్దాన్ని 4 రెట్లలో పెడితే, 33ని 4తో భాగిస్తే 8కి పైగా. చీకట్లో మనిషి కనుపాప మహా అయితే 7 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది, వయసు మీదపడితే ఇంకా తక్కువ. ఇక 50 మిల్లీమీటర్ల అద్దం ఎందుకు? బరువు పెరుగుతుంది, స్కోపు ఎత్తవుతుంది, చెంప రైఫిల్ కర్రకు ఆనదు.

స్కోపు లోపల కనిపించే గురి గీతల విషయంలో నేను రాజీపడలేదు. వేట సూర్యోదయానికి అరగంట ముందు మొదలై సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకు సాగుతుంది. ఆ మసక వెలుతురులో సన్నటి గీతలు కొమ్మల్లో కలిసిపోతాయి. బయట లావుగా, నడుమ సన్నగా ఉండే డ్యూప్లెక్స్ గీతలు నిలబడి కనిపిస్తాయి. రెట్లతోపాటు గీతలూ పెరిగి తరిగే రకం ఈ అడవికి వద్దు. కావలసిన తక్కువ రెట్లలోనే అవి వెంట్రుకల్లా మారతాయి.

చివరికి పోటీ 1-4×20కీ 2-7×33కీ మధ్య. దుకాణదారుడి అనుమతితో, రైఫిల్ ఖాళీగా ఉందని ఇద్దరం చూసుకుని, కళ్లు మూసుకుని భుజానికి ఆన్చి అప్పుడు తెరిచాను. దృశ్యం నిండుగా కనిపించాలి. అంచున నల్లటి నెలవంక పడిందంటే కంటికీ అద్దానికీ దూరం కుదరలేదని అర్థం. ఈ పరీక్షలో ఖరీదైనవి కూడా కొన్ని పోయాయి. 2-7 తీసుకున్నాను. చిన్న పుల్ల తగిలినా తూటా దారి తప్పవచ్చు. నిలబడిన జింకకూ నాకూ మధ్య సందు ఉందో లేదో తేల్చుకోవడానికి ఆ పై రెట్లు అవసరపడతాయి.

గుబురులో కదిలేది ఏమిటో తెలుసుకోవడానికి మాత్రం మెడలో బైనాక్యులర్ ఉంటుంది. స్కోపులోంచి చూడటమంటే తుపాకీ గురిపెట్టడమే. అటువైపు కదిలేది మరో వేటగాడు కావచ్చు. ఒంటిమీద 250 చదరపు అంగుళాల నారింజ రంగు తప్పనిసరి చేసినా గుబురులో అది పూర్తిగా కనబడకపోవచ్చు.

గురి సరిచేసేటప్పుడు పాతిక గజాల దగ్గర మొదలుపెట్టి వంద గజాలకు వెళ్లాను. స్కోపు మీద గురి సరిచేసే మీట ఒక్కసారి టిక్కుమంటే వంద గజాల దగ్గర పావు అంగుళం జరుగుతుంది, యాభై దగ్గర అందులో సగమే. వంద గజాలకు కుదిరాక పాతిక నుంచి వంద గజాల మధ్య ఎక్కడ పేల్చినా తేడా అంగుళం దాటలేదు.

నవంబరు చివర్లో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండుగ తర్వాతి శనివారం రైఫిల్ వేట మొదలైంది. తెల్లారిన కాసేపటికి నలభై గజాల దూరంలో ఆడజింక రెండు హెమ్లాకుల నడుమకు వచ్చి ఆగింది. స్కోపు 2 మీదే ఉంది, ముట్టుకోలేదు. ఒక్క తూటాతో అక్కడే పడింది. మాంసం మూడిళ్లకు పంచాం. స్కోపు ఇప్పటికీ 2 మీదే పెట్టి నడుస్తాను. బయలుదేరే ముందు స్కోపును రైఫిల్‌కు పట్టి ఉంచే రింగుల మరలు బిగువుగా ఉన్నాయో లేదో చూసుకుని, అద్దాలకు మూతలు పెడతాను. ఆ చలిలో ఊపిరి తగిలితే చాలు, అద్దం మసకబారుతుంది.